కాలవ గట్టు మీద సైకిలు, ఫోన్‌లో జోన్లు పట్టే ఆట: మన డెల్టాలో ఎవరైనా ఆడుతున్నారా?

గట్టుసైకిలు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది గోదావరి డెల్టాలో ఆత్రేయపురం దగ్గర పల్లెటూరు. రెండేళ్లు స్వీడన్‌లో లిన్‌షోపింగ్ అనే ఊళ్లో చదువుకుని ఈ మధ్యే ఇంటికి వచ్చేశాను. అక్కడ నాకు బాగా అలవాటైపోయిన ఆట ఒకటి ఉంది, పేరు టర్ఫ్. ఇక్కడ దాన్ని ఎలా ఆడాలో, అసలు మన గట్ల మీద ఆడొచ్చో లేదో అడుగుదామని రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

తెలియనివాళ్ల కోసం ముందు ఆట సంగతి. ఫోన్‌లో మ్యాపు ఉంటుంది, దాని మీద అక్కడొకటి ఇక్కడొకటి చిన్న చిన్న జోన్లు. నడిచి గానీ, పరిగెత్తి గానీ, సైకిల్ మీద గానీ ఆ జోన్‌లోకి వెళ్లి కొన్ని సెకన్లు అక్కడే ఉంటే అది మనదైపోతుంది. పట్టినందుకు ఒకసారి పాయింట్లు, తర్వాత అది మన చేతిలో ఉన్నంతసేపూ గంటకి ఇన్ని అని పాయింట్లు. ఇంకెవరో వచ్చి పట్టుకుంటే మనకి ఆ గంట పాయింట్లు ఆగిపోతాయి. కొత్తగా పట్టిన జోన్‌కి కాసేపు తాళం పడుతుంది, ఆ కాసేపు ఎవరూ లాక్కోలేరు. ప్రతి నెలా మొదటి ఆదివారం స్వీడన్ టైము ప్రకారం మధ్యాహ్నం పాత లెక్క కొట్టేసి కొత్త రౌండు మొదలుపెడతారు. 2010లో స్వీడన్‌లోనే పుట్టిన ఆట ఇది, అందుకని అక్కడ ఏ ఊరికి వెళ్లినా ఆడేవాళ్లు దొరుకుతారు.

లిన్‌షోపింగ్ దగ్గర్లో బెర్గ్ అని ఒక ఊరుంది, దాని మీదుగా గోటా కాలవ పోతుంది. 1810లో తవ్వడం మొదలుపెట్టి 1832లో పూర్తిచేశారు, పొడవు 190 కిలోమీటర్లు, మొత్తం 58 లాకులు, అంటే పడవల్ని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే నీటి గదులు. బెర్గ్ దగ్గర ఏడు లాకులు ఒకదాని వెనక ఒకటి మెట్లలాగా ఉంటాయి, పడవ ఒక్కో మెట్టూ దిగి చెరువులోకి వెళ్తుంది. పూర్వం పడవలకి తాడు కట్టి ఎడ్లూ గుర్రాలూ లాగిన గట్టే ఇప్పుడు సైకిళ్ల దారి. ఎండాకాలం అక్కడ రాత్రి పదింటికి కూడా వెలుతురు ఉంటుంది, క్లాసులు అయ్యాక ఆ గట్టు పట్టుకుని జోన్లు పట్టుకుంటూ ఎంత దూరం పోయేదాన్నో. మొదట్లో పాయింట్ల కోసమే వెళ్లాను. నెల తిరిగేసరికి ఏ లాకు దగ్గర చెక్క తలుపుకి నీళ్లు కారతాయో, ఏ వంతెన కింద బాతులు పిల్లల్ని పెట్టాయో కూడా తెలిసిపోయింది.

అక్కడ ఉన్నన్నాళ్లూ నాకు మా కాలవే గుర్తొచ్చేది. బొబ్బర్లంక దగ్గర తలుపులు దాటి వచ్చిన నీళ్లు పులిదిండి, ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకుల దాకా పోయే ఆ కాలవ గట్టు మీదే నేను బడికి వెళ్లాను. అయినా లొల్ల లాకులు ఎలా పనిచేస్తాయో నాకు ఏనాడూ తెలియదు, షూటింగులు జరిగే చోటు అని మాత్రమే తెలుసు. బెర్గ్‌లో ఏడు లాకులు ఎక్కి దిగి, ఇంటి దగ్గరున్న లాకుని ఒక్కసారి కూడా ఆగి చూడలేదే అని నాకు బాగా అనిపించింది.

వచ్చాక ఆట తెరిచి చూస్తే మా చుట్టుపక్కల ఒక్క జోను కూడా కనబడలేదు. మ్యాపు మీద నీలం గీతగా కాలవ ఉంది, అంతే.

అందుకని అడుగుతున్నాను. మన డెల్టాలో ఎవరైనా దీన్నో, ఇలాంటి ఇంకో ఆటనో ఆడుతున్నారా? జోన్లు లేనిచోట మనమే ఏదైనా ఏర్పాటు చేసుకోవచ్చా? గట్టుకి ఏ వైపు సైకిల్‌కి బాగుంటుంది? ఇంకో భయం కూడా ఉంది. నేను ఫోన్ పట్టుకుని గట్టు మీద ఆగి నిలబడితే రేవుల్లో ఉన్నవాళ్లు ఏమనుకుంటారో. మా నాన్న అప్పుడే అనేశారు, "కాలవ గట్టు మీద ఫోన్ చూసుకుంటూ సైకిలేంటమ్మా, నీళ్లు నిండుగా ఉన్నాయి" అని. ఆయన మాటలో తప్పేం లేదు కాబట్టే మీ అందర్నీ అడుగుతున్నాను.

ధవళేశ్వరంరైడర్ జవాబు

చెల్లాయ్, నీ పోస్టు చూసి ప్రాణం లేచొచ్చింది. మేము రాజమండ్రి నుంచి నలుగురం, ఆదివారం పొద్దున్నే బ్యారేజి మీదుగా తొక్కుతాం. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు ముక్కలూ దాటితే తూర్పు డెల్టా నుంచి పశ్చిమ డెల్టాకి వచ్చేసినట్టే, మధ్యలో మీ బొబ్బర్లంక. ఈ ఆట మేమెవరం ఆడలేదు. నేను కొన్నాళ్లు ఇంగ్రెస్ అనే ఇలాంటి ఫోన్ ఆటే ఆడాను, 2012లో వచ్చింది, అందులో పట్టుకోవాల్సిన చోట్లని పోర్టల్స్ అంటారు, గుళ్లూ విగ్రహాలూ అన్నమాట. మూడు పోర్టల్స్‌ని కలిపితే మధ్యలో ఉన్న నేలంతా మన జట్టుది. అది టౌన్‌లో నడుస్తూ ఆడటానికి బాగుంటుంది గానీ గట్టు మీద సైకిల్‌కి నువ్వు చెప్పిన ఆటే సరిపోతుంది, ఎందుకంటే కాలవ పొడుగ్గా ఒకే దారి, ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటాయి.

దారి సంగతి చెప్తాను. మన డెల్టాలో కాలవకి ఒక వైపు తారు రోడ్డు, రెండో వైపు మట్టి గట్టు ఉండే చోట్లు ఎక్కువ. అందరూ తారు రోడ్డే ఎక్కుతారు, మేమూ మొదట అదే చేశాం. రాజమండ్రి నుంచి కడియం, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు మీదుగా సామర్లకోట పోయే కెనాల్ రోడ్డు మీద ఒకసారి తొక్కి మళ్లీ ఆ జోలికి పోలేదు. లారీకి లారీ ఎదురైతే సైకిల్‌వాడికి మిగిలేది కాలవే. ఫోన్‌లో ఆట పెట్టుకుని అలాంటి రోడ్డు మీదకి మాత్రం వద్దు, ఎవరు చెప్పినా వద్దు. అవతలి మట్టి గట్టు పట్టుకో. నెమ్మదిగా పోతావు, కుదుపులుంటాయి, కానీ ఎదురొచ్చేది గడ్డిమోపు పెట్టుకున్న టీవీఎస్ బండి, అంతే.

మట్టి గట్టు ఎండినప్పుడే. ఒక్క వాన పడిందా, ఆ నల్లమట్టి టైరుకి మడ్‌గార్డుకి మధ్య కూరుకుపోయి చక్రం తిరగదు. నేను కిందటేడు కొబ్బరిమట్ట ముక్కతో గోక్కుంటూ, నాలుగడుగులు నడిపించి మళ్లీ గోక్కుంటూ కిలోమీటరు పైన వెళ్లాను. మడ్‌గార్డులు తీసేస్తే కాస్త నయం. తుమ్మ ముల్లు ఇంకో బెడద, గట్టు మీద తుమ్మచెట్లు కొట్టిన చోట కొమ్మలు ఈడ్చుకెళ్తారు, ముళ్లు దారంతా రాలి ఉంటాయి. రెండు ట్యూబులు, పంపు లేకుండా బయల్దేరొద్దు.

ఫోన్ సంగతి. కొబ్బరితోటల కింద జీపీఎస్ అటూ ఇటూ జరుగుతుంది, ఆకాశం కనబడేచోట ఐదారు మీటర్ల తేడాలో చూపించే ఫోనే చెట్ల కింద నిన్ను కాలవ మధ్యలో నిలబెడుతుంది. జోన్లు మనమే పెట్టుకుంటే మరీ చిన్నవి పెట్టొద్దు, వంతెన మీదో లాకు దగ్గరో పైన చెట్టు లేని చోటు చూసుకో. ఏప్రిల్ ఎండలో హ్యాండిల్ మీద ఫోన్ పెట్టి స్క్రీను వెలిగిస్తే అరగంటలో కాలిపోయి దానంతట అదే ఆగిపోతుంది. జేబులో పెట్టుకుని ఆగినప్పుడే తియ్యి.

ఆటవాళ్లకి రాసి మన వైపు జోన్లు పెట్టమని అడుగు, అడగడంలో పోయేదేముంది. ఈలోగా వాట్సాప్ గ్రూపులో లైవ్ లొకేషను, సైకిల్ కనబడేలా ఒక ఫొటో, ఒక షీటులో పాయింట్ల లెక్క. ఆటకి ఇంతకన్నా ఏం కావాలి? మేం నలుగురం రెడీ.

లస్కరుగారబ్బాయి జవాబు

మా నాన్నగారు ముప్ఫై ఏళ్లు లాకుల దగ్గర లస్కరుగా చేశారు, అంటే లాకు తలుపులు, తూములు చూసుకునే ఉద్యోగం. నేను పెరిగింది లాకు క్వార్టర్సులోనే. అందుకని నాకు తెలిసింది చెప్తాను, కొంచెం వివరంగానే చెప్తాను.

అమ్మా, ఆ దేశంలో గట్టు మీద ఎడ్లు పడవలు లాగాయని రాశారు కదా, మన దగ్గర ఆ పని మనుషులు చేశారు. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశారు. కాలవల్ని పొలాలకి నీళ్లకే కాకుండా పడవలు నడవడానికి కూడా అని తవ్వించారు. అందుకే లాకులు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ కుదరకపోతే తాడు భుజానికి వేసుకుని గట్టు మీద నడుస్తూ లాగడమే. ధాన్యం, కలప, కొబ్బరికాయలు అన్నీ అలాగే కాకినాడకీ ఏలూరుకీ వెళ్లాయి. మీరు సైకిల్ తొక్కుతున్న దారి ఆ మనుషుల కాళ్ల కింద గట్టిపడిన దారి. మీ ఆట ఆ దారి మీద ఆడతారంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

లాకు ఎలా పనిచేస్తుందో తెలియదన్నారు. పై కాలవ మట్టం ఎక్కువ, కింది కాలవ మట్టం తక్కువ. మధ్యలో రెండు జతల తలుపులతో ఒక రాతి గది. పై నుంచి వచ్చిన పడవ గదిలోకి రాగానే వెనక తలుపులు మూస్తారు. ముందు తలుపులకి అడుగున చిన్న తూములుంటాయి, వాటిని పైకెత్తితే గదిలో నీళ్లు మెల్లగా కిందికి పోతాయి, వాటితో పాటు పడవా దిగుతుంది. లోపలా బయటా నీళ్లు సమానమైతేనే ముందు తలుపులు తెరుచుకుంటాయి, అంతకుముందు పదిమంది తోసినా కదలవు, నీళ్ల బరువు వాటిని అదిమి పట్టి ఉంచుతుంది. మా నాన్నగారు తలుపు మీద చెయ్యి వేసి చూసేవారు, అదురు ఆగిపోయిందంటే నీళ్లు సమానమైనట్టు. ఇప్పుడు పడవలు లేవు, చాలా లాకుల్లో తలుపులు కదలక ఏళ్లయింది. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలవల్ని కలిపి 2008లో జాతీయ జలమార్గం నాలుగు అని ప్రకటించారు. మా నాన్నగారు ఆ కాగితం చదివించుకుని విన్నారు.

ఇంక మీ జోన్ల సంగతి. లాకులు, తూములు, వంతెనలు, అక్విడెక్టులు, ఇవన్నీ పెట్టుకోండి. గన్నవరం అక్విడెక్టు ఒక్కటి చాలు, వైనతేయ మీద కాలవే నదిని దాటుతుంది, అక్కడి పాత అక్విడెక్టుకి 49 కమానులు. కానీ జోను లాకు గట్టు మీద ఉండాలి, లాకు తలుపు మీద కాదు. ఆ తలుపు మీద నడిచే పలక పాచిపట్టి ఉంటుంది, కింద నీళ్లు సుడి తిరుగుతాయి. ఈత వచ్చినవాళ్లు కూడా అక్కడ బయటపడలేరు. నా చిన్నప్పుడు చూశాను, దాని గురించి ఇంక రాయను. తూము దగ్గర కూడా అంతే, రోడ్డు వైపే నిలబడాలి.

రేవుల్లో వద్దు. ఇది గట్టిగా చెప్తున్నాను. ఆడవాళ్లు బట్టలు ఉతుక్కునే, స్నానాలు చేసే రేవు దగ్గర ఎవరో ఫోన్ పైకెత్తి నిలబడితే వాళ్లకి మీ ఆట ఏం తెలుస్తుంది? ఫొటో తీస్తున్నారనే అనుకుంటారు, అనుకోవడంలో వాళ్ల తప్పు లేదు. కర్మలు చేసే రేవు అయితే మరీ. అలాంటి చోటుకి రెండు వందల మీటర్లు ఇవతలే పెట్టుకోండి.

కాలవలో నీళ్ల సంగతి కూడా తెలుసుకోవాలి. సాధారణంగా ఏప్రిల్‌లో కాలవలు కట్టేసి జూన్‌లో వదులుతారు. కట్టినప్పుడు పూడిక పనులు జరుగుతాయి, గట్టు మీద పొక్లయినర్లు, తవ్విపోసిన మట్టి కుప్పలు, సైకిల్ పోదు. నీళ్లు వదిలిన మొదటి వారం గట్టు తడిసి అంచులు జారతాయి, అంచుకి మీటరు లోపలే ఉండండి. దాళ్వాలో, అంటే రెండో పంటకి, వంతులవారీగా నీళ్లిస్తారు కాబట్టి నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ మనిషి లోతు ఉండొచ్చు. సైకిల్ పట్టుకుని కాలవ దాటేద్దాం అనే ఆలోచన పెట్టుకోవద్దు. పిల్లలు ఆడితే ఇది ముందే చెప్పండి.

పాలకొల్లుపిల్ల జవాబు

అక్కా, నేను కూడా ఒక్కదాన్నే గట్టు మీద తొక్కుతాను, మాది నరసాపురం కాలవ వైపు. నా అనుభవం రెండు ముక్కలు.

పొద్దున్న ఆరు నుంచి ఎనిమిదిన్నర లోపే. ఆ టైములో పాలవాళ్లు, పొలానికి వెళ్లేవాళ్లు, వాకింగ్ చేసే మాస్టార్లు అందరూ ఉంటారు, ఏదైనా అయితే పిలిస్తే పలుకుతారు. సాయంత్రం మాత్రం కొన్ని గట్ల మీద తాగేవాళ్లు చేరతారు, అక్కడ ఎంత మంచి జోను ఉన్నా నేను ఆగను. ఎవరైనా "ఏంటమ్మా చేస్తున్నావ్" అని అడిగితే ఫోన్ తిప్పి మ్యాపు చూపించేస్తాను. ఒక్కసారి చూపిస్తే మళ్లీ అడగరు, పైగా రెండోసారి వాళ్లే "ఇవాళ ఎక్కడిదాకా" అని పలకరిస్తారు.

ధాన్యం ఆరబోసే రోజుల్లో, మొదటి పంట సార్వా కోతలప్పుడు, మళ్లీ దాళ్వా కోతలప్పుడు, సగం రోడ్డు ధాన్యమే. దాని మీద నుంచి తొక్కకూడదు, దిగి నడిపించుకుంటూ వెళ్లాలి. ఆ ఒక్క పని చేస్తే రైతులు ఎంత మర్యాదగా దారిస్తారో.

కుక్కలకి స్పీడు పెంచొద్దు. దిగి సైకిల్‌ని మధ్యలో పెట్టుకుని నడిస్తే వెళ్లిపోతాయి.

నన్ను కూడా గ్రూపులో కలుపుతారా? మీ వైపు రావాలంటే చాలా దూరం, కానీ మా కాలవ మీద కూడా వేరే జోన్లు పెట్టుకుని పాయింట్లు కలిపి లెక్క వేసుకోవచ్చు కదా.

గట్టుసైకిలు

అందరికీ చాలా థాంక్స్. మీరు రాసిందంతా ప్రింటు తీసి మా నాన్నకి చదివి వినిపించాను, లస్కరుగారబ్బాయి గారు రాసింది రెండుసార్లు చదవమన్నారు. తర్వాత "తమ్ముణ్ని తీసుకెళ్లు" అన్నారు, అంటే ఒప్పుకున్నట్టే.

నిన్న ఆదివారం ఆడాం. నేను, మా తమ్ముడు, పక్కింటి ఇంటర్ పిల్లలిద్దరు. ముందురోజు రాత్రి మ్యాపు మీద ఎనిమిది జోన్లు గుర్తుపెట్టాం, అన్నీ వంతెనలూ తూములూ, చివరిది లొల్ల లాకులు. టర్ఫ్ పద్ధతే తీసుకున్నాం. అక్కడ ఎవరూ పెద్దగా వెళ్లని జోన్‌కి పట్టినప్పుడు వచ్చే పాయింట్లు ఎక్కువ, గంట పాయింట్లు తక్కువ. అందరూ తిరిగేచోట దానికి తారుమారు. పట్టినందుకు 185 వచ్చేచోట గంటకి ఒకటి, 65 వచ్చేచోట గంటకి తొమ్మిది. మేం లాకులకి 185, మా ఊరి వంతెనకి 65 పెట్టుకున్నాం. మా తమ్ముడు ఊరి వంతెన పట్టుకుని మధ్యాహ్నం దాకా ఇంట్లోనే ఉండిపోదాం అనుకున్నాడు, పక్కింటి వాడు టిఫిను కూడా తినకుండా వచ్చి లాక్కున్నాడు.

ఒక ఇబ్బంది ముందు ఊహించలేదు. మూడో జోన్‌ని అవతలి గట్టు తూము దగ్గర పెట్టాం. మ్యాపులో పక్కనే. తీరా వెళ్తే మేం ఇవతల, తూము అవతల, మధ్యలో నిండు కాలవ, మాట్లాడితే వినబడేంత దూరం. వంతెన ఎక్కడో వెనక ఉండిపోయింది. మొత్తం వెనక్కి తొక్కి, దాటి, మళ్లీ ముందుకి తొక్కి వచ్చేసరికి అరగంట. కానీ ఆ అవతలి గట్టు నేను పుట్టి పెరిగిన ఊళ్లో ఎప్పుడూ తొక్కని గట్టు. మా ఇల్లు అటువైపు నుంచి ఎలా కనబడుతుందో నాకు ఇన్నేళ్లలో తెలియదు. కొబ్బరిచెట్ల మధ్య నుంచి పెరటి గోడ, గోడ మీద అమ్మ ఆరేసిన దుప్పటి, కింద కాలవలో దాని నీడ. తమ్ముడు జోను పట్టేసి "పద పద" అంటున్నా నేను కదల్లేదు.

ఒక ప్రమాదం తృటిలో తప్పింది, మీరెవరూ రాయలేదు కాబట్టి చెప్తున్నాను. గేదెని గట్టుకి ఒక పక్క కొబ్బరిచెట్టుకి కట్టారు, అది రెండో పక్క ఏటవాలు దిగి గడ్డి మేస్తోంది. పలుపు గట్టుకి అడ్డంగా, గడ్డిలో కనబడకుండా పడుంది. నేను దగ్గరికి రాగానే గేదె తల ఎత్తింది, తాడు ముందు చక్రం ఎత్తుకి లేచింది. స్పీడు లేదు కాబట్టి కాలు కింద పెట్టేశాను. ఫోన్ చేతిలో ఉండుంటే కాలవలోనే ఉండేదాన్ని. అప్పటికప్పుడు రూలు పెట్టేశాం. సైకిల్ కదులుతున్నప్పుడు ఫోన్ జేబులో, రెండు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడే చేతిలో. ఎవరైనా తొక్కుతూ ఫోన్ తీస్తే ఆ రోజు పాయింట్లన్నీ సున్నా. గట్టు మీద గేదె ఒక పక్క కనబడితే రెండో పక్క రాట ఎక్కడుందో చూసుకునే ముందుకి వెళ్లాలి.

లొల్ల దగ్గర మేం ఫోన్లు పట్టుకుని నిలబడితే ఒక తాతగారు వచ్చి ఏంటని అడిగారు. పాలకొల్లు చెల్లి చెప్పినట్టే మ్యాపు చూపించాను. ఆయన మ్యాపు మీద వేలు పెట్టి, "ఇదా లాకు? ఇంత చిన్నగా ఉందేంటి" అన్నారు. తర్వాత మమ్మల్ని గోడ అంచు దగ్గరికి తీసుకెళ్లి వంగి రాయి చూపించారు. రాతి మూల మీద బొటనవేలు పట్టేంత గాడి, లోపల గచ్చులా నున్నగా ఉంది. పడవ తాళ్లు రాసుకుని రాసుకుని పడిందట. పక్కన ఇంకోటి, కొంచెం కిందగా ఇంకోటి. పక్కింటి పిల్లాడు అన్నిట్లోనూ వేలు పెట్టి లెక్కపెట్టాడు, ఐదు. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్నతో పాటు తాడు పట్టుకుని నడిచారట, ఎదురుగాలి ఉన్నరోజు భుజం మీద తాడు పడిన చోట తోలు లేచిపోయేదట, రాత్రి వాళ్లమ్మ కొబ్బరినూనె రాసేదట. పదిహేను నిమిషాలు మాట్లాడారు. ఆ పదిహేను నిమిషాల్లో తమ్ముడి జోన్లు రెండు పోయాయి, వాడు ఒక్క మాట అనలేదు.

లస్కరుగారబ్బాయి గారూ, ఆ గాడులు మీరు చూశారా? ఎప్పుడో ఒకసారి మీరు వస్తే తలుపులు, తూములు దగ్గరుండి చూపిస్తారా? జోన్లకి పేర్లు పెట్టాలి, టర్ఫ్‌లో ప్రతి జోన్‌కీ పేరుంటుంది. తూములకీ వంతెనలకీ పాతవాళ్లు పిలిచే పేర్లు ఉండే ఉంటాయి, అవే పెడదామని నా కోరిక. ఆ రాతి మూలకి మాత్రం మేం "తాడుగాడి" అని పెట్టేశాం.

వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి అసలు రౌండు. పొద్దున్న ఆరింటికి బొబ్బర్లంక.

లస్కరుగారబ్బాయి

చూశానమ్మా. ఆ గాడుల్లోనే గోళీలు దొర్లించి ఆడుకునేవాళ్లం మేము. తప్పకుండా వస్తాను. తూముల పేర్లు నాన్నగారిని అడిగి రాసుకుంటున్నాను, ఇప్పటికి పదకొండు చెప్పారు, ఇంకా గుర్తు చేసుకుంటున్నారు. ఆయన కూడా వస్తానంటున్నారు, సైకిల్ తొక్కలేరు కాబట్టి ఆటోలో నేరుగా లొల్ల తీసుకొస్తాను.

ధవళేశ్వరంరైడర్

మేం నలుగురం ఐదింటికే బ్యారేజి ఎక్కుతాం, ఆరుకల్లా బొబ్బర్లంకలో ఉంటాం. ఎక్‌స్ట్రా ట్యూబులు నేను తెస్తున్నాను, పిల్లల సైకిళ్ల చక్రాలు ఇరవై నాలుగు అంగుళాలో ఇరవై ఆరో చెప్పు చెల్లాయ్.